అంగుళం దిగిన కారు మలుపులో ఏం చేస్తుంది?

జపాన్‌లోని గున్మాలో ఉన్న సుబారు ఫ్యాక్టరీ నుంచి రెండు కార్లు కవలల్లా బయటికొస్తాయి. ఒకదాని మీద టొయోటా జీఆర్86 అని ఉంటుంది, ఇంకోదాని మీద సుబారు బీఆర్‌జెడ్ అని. ఇంజిన్ అదే 2.4 లీటర్ల బాక్సర్, బాడీ అదే, బరువూ ఇంచుమించు అంతే. అయినా 2021లో ఈ తరం వచ్చినప్పటి నుంచీ రెండూ నడిపి చూసినవాళ్లు ఒకే మాట చెబుతున్నారు: సుబారు కుదురుగా తిరుగుతుంది, టొయోటా తోక ఆడిస్తుంది. కారణం వెతికితే బాడీ కింద దొరుకుతుంది. జీఆర్86 ముందు స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 28 న్యూటన్ల బలం కావాలి, వెనక స్ప్రింగుకు 39. బీఆర్‌జెడ్‌లో అవి 30, 35. స్టెబిలైజర్ బార్లలో (ఎడమ, కుడి చక్రాల్ని కలిపి బండి ఒరగకుండా ఆపే కడ్డీలు), షాక్ అబ్జార్బర్లలో కూడా చిన్న చిన్న తేడాలున్నాయి గానీ, మొత్తం మీద ఒక కారు స్వభావాన్ని ఇంకో కారు స్వభావం నుంచి విడదీయడానికి ముందు 7 శాతం, వెనక 11 శాతం తేడా పెద్ద పాత్రే పోషించింది.

ఇప్పుడు బయట మార్కెట్లో దొరికే లోయరింగ్ స్ప్రింగుల కిట్ సంగతి చూద్దాం. పెట్టెలో నాలుగు స్ప్రింగులుంటాయి. బండిని 20 నుంచి 35 మిల్లీమీటర్ల దాకా కిందికి దించుతాయి, కంపెనీ స్ప్రింగు కంటే సాధారణంగా 15 నుంచి 30 శాతం గట్టిగా ఉంటాయి. 7 శాతానికే స్వభావం మారే కారులో ఇది చిన్న మార్పు కాదు. పైగా షాక్ అబ్జార్బర్లు పాతవే, చక్రాల్ని బాడీకి కలిపే లోయర్ ఆర్ములు పాతవే, వాటి కీళ్లలోని రబ్బరు బుష్‌లు పాతవే. మిగతా వాయిద్యాలన్నీ పాత శ్రుతిలోనే ఉండగా ఒక్క వాయిద్యాన్ని పైశ్రుతికి బిగించినట్టు.

కిట్ వేయించాక బండి చురుగ్గా తిరుగుతోందని చాలామంది అంటారు. అది భ్రమ కాదు, నిజంగానే తిరుగుతుంది. చిక్కల్లా ఆ ఘనత ఎవరికి ఇస్తున్నారన్నదే. "గరిమనాభి కిందికి దిగింది కదా" అంటారు. గరిమనాభి అంటే కారు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు. లెక్క వేసి చూస్తే దిగడం వల్ల వచ్చే లాభం చాలా స్వల్పం, దిగడం వల్ల చేజారేది చాలా ఎక్కువ. స్టీరింగ్ పట్టుకున్నవాడికి నచ్చేది దాదాపు అంతా గట్టిదనం నుంచి వస్తుంది. ఆ గట్టిదనంలో కూడా కొంత భాగం స్ప్రింగుది కానే కాదు. అది ఎవరిదో ఈ వ్యాసం మధ్యలో తేలుతుంది.

బియ్యం బస్తా కంటే తక్కువ

ముందు ఆ గరిమనాభి లెక్కే తీసుకుందాం. డ్రైవరుతో కలిపి జీఆర్86 బరువు 1,350 కిలోలనుకుందాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సగటున 1,535 మిల్లీమీటర్లు. గరిమనాభి నేల నుంచి 460 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బాక్సర్ ఇంజిన్ సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి ఈ కారులో అది మామూలు కార్ల కంటే బాగా కిందే ఉంటుంది. మంచి టైర్ల మీద 0.9 జీతో, అంటే గురుత్వాకర్షణలో 0.9 వంతు పక్కబలంతో, మలుపు తిరిగితే లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి సుమారు 364 కిలోల బరువు మారుతుంది.

బాడీని 25 మిల్లీమీటర్లు దించారు. చక్రాలు, బ్రేకులు, హబ్‌లు దిగవు కాబట్టి మొత్తం కారు గరిమనాభి దిగేది ఓ 22 మిల్లీమీటర్లు. మళ్లీ అదే లెక్క వేస్తే 347 కిలోలు వస్తుంది. తేడా 17 కిలోలు. ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా పాటి కూడా లేదు. ఎంతో కొంత లాభమే, కాదనలేం. టైరు మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు, అందుకే రెండు వైపులా బరువు ఎంత సమానంగా ఉంటే మొత్తం పట్టు అంత పెరుగుతుంది. కానీ 5 శాతం లోపు తేడా కోసం ఎవరూ బండిని షెడ్డుకు తోలుకెళ్లరు. మెరుగైన రబ్బరున్న టైర్లు నాలుగు వేయిస్తే వచ్చే లాభం దీనికి ఎన్నో రెట్లు.

ఇక్కడే ఇంకో అపోహ కూడా వదిలించుకోవాలి. బండి తక్కువ ఒరిగితే బరువు తక్కువ మారుతుందని ఒక నమ్మకం ఉంది. బరువు మారడం గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య దూరం, మలుపు తీవ్రత మీద ఆధారపడుతుంది. ఒరగడం వల్ల గరిమనాభి పక్కకు జరిగేది అతి స్వల్పం. అంటే స్ప్రింగులు రాయిలా బిగిసినా ఆ 347 కిలోలూ మారి తీరాల్సిందే. స్ప్రింగు తేల్చేది ఆ బరువులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నది. ముందు గట్టిపడితే ముందు బయటి టైరు ఎక్కువ మోస్తుంది, ముందే జారుతుంది, దాన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనక గట్టిపడితే తోక జారుతుంది. జీఆర్86కూ బీఆర్‌జెడ్‌కూ మధ్య ఉన్న వ్యవహారమంతా ఇదే. కిట్ కొనేటప్పుడు "ఎంత దిగుతుంది" అని అందరూ అడుగుతారు. "ముందు ఎంత శాతం, వెనక ఎంత శాతం గట్టిపడుతుంది" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. అసలు ప్రశ్న అదే.

స్ప్రింగు అంకెలు పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. జీఆర్86 వెనక స్ప్రింగు 39 కదా, ముందున్న 28 కంటే ఎంతో గట్టిది అనిపిస్తుంది. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు స్తంభంగా ఉండే పద్ధతి, స్ప్రింగు చక్రంతో దాదాపు సమానంగా కదులుతుంది. వెనక డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్ములు పట్టుకునే పద్ధతి, అక్కడ స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం కదిలిన దూరంలో సుమారు ముప్పావు వంతే కదులుతుంది. ఆ ముప్పావును రెండుసార్లు గుణించాలి. ఒకసారి దూరానికి, ఒకసారి బలానికి. అప్పుడు వెనక చక్రానికి అందేది 22 న్యూటన్ల దగ్గర, ముందు చక్రానికి అందేది 26 దగ్గర. చూడటానికి గట్టిగా ఉన్నది వాడకంలో మెత్తగా తేలింది. అందుకే వేర్వేరు కార్ల స్ప్రింగు అంకెల్ని పక్కపక్కన పెట్టి వాదించుకోవడం వల్ల ఉపయోగం లేదు.

లోయర్ ఆర్మ్ అడ్డం తిరిగితే

మెక్‌ఫర్సన్ స్ట్రట్ చవకైనది, జాగా తక్కువ తీసుకుంటుంది. 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సుల్, జెఫైర్ కార్లతో జనంలోకి వచ్చాక ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. ఆల్టో నుంచి పోర్షె 911 దాకా ముందు చక్రాల్ని మోసిన పద్ధతి ఇది. కారు ఎత్తు మార్చితే మాత్రం ఇది ఓర్చుకోదు.

కారు కింద పడుకుని చూస్తే ముందు చక్రం నుంచి బాడీ వైపు ఒక ఇనుప చెయ్యి కనిపిస్తుంది. అదే లోయర్ ఆర్మ్. కంపెనీ ఎత్తులో ఉన్నప్పుడు బాడీ వైపు కొస కాస్త పైన, చక్రం వైపు బాల్ జాయింట్ కాస్త కింద ఉండేలా, బయటికి వాలి ఉంటుంది. బాడీని దించితే లోపలి కొస బాడీతో పాటు దిగుతుంది. బాల్ జాయింట్ చక్రాన్ని అంటిపెట్టుకుని అక్కడే ఉంటుంది. 20, 30 మిల్లీమీటర్లకల్లా ఆర్మ్ నేలకు సమాంతరమవుతుంది, ఇంకా దించితే ఎదురు వాలుకు తిరుగుతుంది.

దీంతో పోయేదేమిటి? ప్రతి సస్పెన్షన్‌కూ కంటికి కనపడని ఒక బిందువు ఉంటుంది. మలుపులో బాడీ ఆ బిందువు చుట్టూ ఒరుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి దాన్ని రోల్ సెంటర్ అంటారు. దాన్ని నిర్ణయించేది ఈ ఆర్మ్ వాలే. గరిమనాభికీ రోల్ సెంటర్‌కూ మధ్య దూరం గడ్డపార పొడుగు లాంటిది. ఎంత పొడుగైతే బాడీని అంత సులువుగా వంచేస్తుంది. మెక్‌ఫర్సన్‌లో బాడీ ఒక అంగుళం దిగితే రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువే దిగుతుంది. గరిమనాభి 460 నుంచి 438కి దిగింది. రోల్ సెంటర్ 80 దగ్గర ఉన్నది 30కి జారిందనుకుందాం. గడ్డపార పొడుగు 380 నుంచి 408కి పెరిగింది, అంటే 7 శాతం పైగా. కారు కిందికి దిగింది, ఒరిగే ఉబలాటం మాత్రం పెరిగింది.

అయితే స్ప్రింగు 25 శాతం గట్టిపడింది కదా, అది సర్దదా అంటే, కొంత సర్దుతుంది. ఒరగడాన్ని ఆపేది స్ప్రింగు ఒక్కటే కాదు, స్టెబిలైజర్ బార్ కూడా. ఇద్దరూ చెరి సగం మోస్తున్నారనుకుంటే స్ప్రింగు 25 శాతం పెరిగినా మొత్తం ప్రతిఘటన పెరిగేది పన్నెండున్నర శాతమే. గడ్డపార పొడుగు పెరగకుండా ఉంటే ఒరుగు 11 శాతం తగ్గాలి. పెరిగింది కాబట్టి నాలుగున్నర శాతం దగ్గర ఆగిపోతుంది. 3 డిగ్రీలు ఒరిగే కారు 2.86 డిగ్రీలు ఒరుగుతుంది. ఈ తేడా కంటికి ఆనదు.

రేసింగ్ వాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. అందుకే వాళ్లు బండిని దించితే బాల్ జాయింట్ దగ్గర పొడుగు పిన్ను పెట్టి ఆర్మ్ వాలును మళ్లీ వెనక్కి తెస్తారు, దాంతో పాటు టై రాడ్ కొసనూ అంతే దించుతారు. రోల్ సెంటర్ కిట్ అని అమ్మేది దీన్నే. స్ప్రింగు పెట్టెలో అది ఉండదు.

టై రాడ్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే ఆ కడ్డీ ఒక వలయంలో తిరుగుతుంది, లోయర్ ఆర్మ్ ఇంకో వలయంలో తిరుగుతుంది. కంపెనీ ఎత్తు దగ్గర రెండు వలయాలూ ఒకదాన్నొకటి అనుసరించేలా ఇంజినీర్లు తంటాలు పడి కుదురుస్తారు. ఎత్తు మారితే ఆ పొందిక చెడుతుంది. అప్పుడు చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా తనంతట తానే కొద్దిగా పక్కకు తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. గతుకుల రోడ్డు మీద స్టీరింగ్ చేతిలో వణుకుతూ అటూ ఇటూ లాగుతుంటే చాలామంది "స్పోర్ట్స్ కారు ఫీల్" అని మురిసిపోతారు. అది ఫీల్ కాదు, లోపం.

క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం, దాని సంగతి కాస్త నయం. దించినప్పుడు చక్రాల పై అంచులు లోపలికి వాలుతాయి, మలుపులో బయటి టైరు నిలువుగా నిలబడటానికి ఇది కొంత సాయపడుతుంది. కానీ జీఆర్86, బీఆర్‌జెడ్‌లలో వెనక డబుల్ విష్‌బోన్ ముందు స్ట్రట్ కంటే ఎక్కువ వాలు తీసుకుంటుంది. వెనక టైర్లకు పట్టు పెరిగి, ముందు వాటికి అంత పెరగకపోతే కారు ముక్కు బయటికి జారుతుంది. తోక ఆడించే కారని కొన్నవాళ్లకు అండర్‌స్టీర్ చేతికొస్తుంది. ముందు క్యాంబర్ బోల్టులు, వెనక సర్దుబాటుకు వీలైన ఆర్ములు వేస్తే ఇది సరిపోతుంది, దానికి వేరే ఖర్చు. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి కార్లలో ముందూ డబుల్ విష్‌బోనే కాబట్టి ఎత్తు తగ్గడాన్ని కాస్త ఎక్కువ తట్టుకుంటాయి.

ముప్పై అయిదు మిల్లీమీటర్ల జాగా

ఇక అసలు కథ. స్ప్రింగు మార్చిన కారు గురించి ఎవరైనా ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే అది ఇదే కావాలి.

ప్రతి షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద రబ్బరు లాంటి ఒక ముద్ద ఉంటుంది, పసుపో నలుపో రంగులో, చిన్న గొంగళిపురుగులా మడతలు మడతలుగా. అదే బంప్ స్టాపర్. చక్రం మరీ పైకి వచ్చినప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా ఆపుతుంది. మామూలుగా నిలబడ్డ కారులో దానికీ, అది తాకాల్సిన చోటికీ మధ్య 60 మిల్లీమీటర్ల ఖాళీ ఉందనుకుందాం. 25 మిల్లీమీటర్లు దించాక 35 మిగిలింది.

మలుపులోకి వెళ్దాం. కంపెనీ స్ప్రింగులతో కారు 3 డిగ్రీలు ఒరిగింది. చక్రాల మధ్య దూరంలో సగం 760 మిల్లీమీటర్లు. ఆ కొలత మీద 3 డిగ్రీలంటే బయటి చక్రం 40 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. 60లో 40 పోగా ఇంకా 20 ఉంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలినా మింగుకోవడానికి చోటుంది. అదే కారు, అదే మలుపు, దించిన స్ప్రింగులు. 2.86 డిగ్రీల ఒరుగుకు 38 మిల్లీమీటర్లు కావాలి, ఉన్నవి 35. చక్రం స్టాపర్ మీద కూర్చుంది. గతుకు ఇంకా రానేలేదు.

స్టాపర్ కూడా ఒక స్ప్రింగే, కాకపోతే నొక్కేకొద్దీ ఎన్నో రెట్లు గట్టిపడుతుంది. ముందు స్టాపర్ తగిలిన మరుక్షణం ముందు ఇరుసు గట్టిదనం ఒక్కసారిగా పెరుగుతుంది, బరువు బదిలీలో దాని వాటా పెరుగుతుంది, ముక్కు బయటికి తోస్తుంది. వెనక స్టాపర్ ముందుగా తగిలితే ఇదే నాటకం తిరగబడుతుంది. మలుపు మధ్యలో, కాలు యాక్సిలరేటర్ మీది నుంచి లేవక ముందే, తోక చటుక్కున జారుతుంది. డ్రైవరు చేతులు మార్చలేదు, వేగం మారలేదు, కారు స్వభావం మాత్రం సగం మలుపులో మారిపోయింది. హ్యాండ్లింగ్‌లో భయపెట్టేది పట్టు తక్కువ కావడం కాదు, హఠాత్తుగా మారడం.

కిట్ వేయించిన తొలి రోజు "ఎంత బిగుతుగా ఉందో" అని మురిపించే గట్టిదనంలో స్ప్రింగుది కాని భాగం ఇదే. ఆ భాగం ఈ రబ్బరు ముద్దది.

స్ప్రింగు 25 శాతం గట్టిపడింది కాబట్టి జాగా తగ్గినా ఫర్వాలేదని కొందరు సర్దిచెబుతారు. స్ప్రింగు దాచుకునే శక్తి గట్టిదనంతో మామూలుగా పెరుగుతుంది, దూరంతో మాత్రం వర్గంలా పెరుగుతుంది. 60 మిల్లీమీటర్లలో మింగిన దెబ్బనే 35 మిల్లీమీటర్లలో మింగాలంటే 60ని 35తో భాగించి వర్గం చేయాలి, దాదాపు 2.9 వస్తుంది. అంటే స్ప్రింగు దాదాపు మూడు రెట్లు గట్టిగా ఉండాలి. మన చేతిలో ఉన్నది ఒకటింపావు రెట్లు. మూడు రెట్లు గట్టిగా చేస్తే ఆ కారులో ఊళ్లో తిరగలేం. కిట్‌లు తయారుచేసేవాళ్లకు ఈ లెక్క తెలియక కాదు. అందుకే కొన్ని కిట్‌లలో పొట్టి స్టాపర్లు ఇస్తారు, కొన్నిటిలో ఉన్నదాన్ని ఇంత మేర కోయమని చెబుతారు. కోస్తే ఖాళీ పెరుగుతుంది గానీ షాక్ అబ్జార్బర్ అడుగుకు కొట్టుకునే ప్రమాదమూ దగ్గరవుతుంది.

దిగడం, గట్టిపడడం రెండూ ఒకే స్ప్రింగుతో సాధించడంలో ఇంకో తిప్పలుంది. జీఆర్86 ముందు స్ప్రింగు ఒక్కోటి మోసే బరువు లెక్కేస్తే, కారు నిలబడ్డప్పుడు అది సుమారు 12 సెంటీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. 25 శాతం గట్టి స్ప్రింగు అదే బరువుకు 10 సెంటీమీటర్ల లోపే నొక్కుకుంటుంది, అంటే దానంతట అది బండిని పైకి లేపుతుంది. కాబట్టి 25 మిల్లీమీటర్లు దించాలంటే స్ప్రింగును దాదాపు 5 సెంటీమీటర్లు పొట్టిగా చుట్టాలి. ఇంత పొట్టి స్ప్రింగు, జాకీ మీద చక్రం వేలాడినప్పుడో గట్టు దూకినప్పుడో తన గిన్నెలోంచి వదులైపోవచ్చు. కొన్ని స్ప్రింగుల్లో ఒక చివర చుట్లు దగ్గర దగ్గరగా ఉండేది అందుకే. కారు నిలబడగానే ఆ చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి, చక్రం వేలాడినప్పుడు విచ్చుకుని స్ప్రింగును గిన్నెలో నిలుపుతాయి. ప్రోగ్రెసివ్ అని పేరు పెట్టి అమ్మేవాటిలో చాలావాటి రహస్యం ఇంతే. జర్మనీలో ఇలాంటి భాగాలకు టీయూవీ (అక్కడి వాహన తనిఖీ సంస్థ) తరహా పరీక్ష పత్రం లేకుండా రోడ్డెక్కడం కుదరదు కాబట్టి అక్కడి తయారీదార్లు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటారు. పేరున్న స్ప్రింగు కంపెనీలు ఐబాక్, హెచ్ అండ్ ఆర్ రెండూ జర్మనీలో పక్కపక్క ఊళ్లవే, ఫినెన్‌ట్రోప్, లెన్నెస్టాడ్ట్. స్ప్రింగు లోకంలో సగం పోటీ ఒకే కొండసీమలో నడుస్తోందన్నమాట.

చవకగా పని కానిద్దామని కంపెనీ స్ప్రింగునే గ్రైండర్‌తో కోసేవాళ్లూ ఉన్నారు. ఆరు చుట్లలో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది, ఆ మేరకు లెక్క నిజమే. కానీ కోసిన కొస చదునుగా ఉండదు, గిన్నెలో సరిగా కూర్చోదు. గ్యాస్ మంటతో కాల్చి కుదించితే ఉక్కు పదునే పోతుంది. ఇక ఆ స్ప్రింగు రోజురోజుకూ కుంగుతూనే ఉంటుంది.

షాక్ అబ్జార్బర్ గురించి రెండు ముక్కలు. నొక్కిన స్ప్రింగు తిరిగి ఎగరకుండా పట్టుకోవడం దాని పని. స్ప్రింగు 25 శాతం గట్టిపడితే అదే షాక్ అబ్జార్బర్ పట్టు, ఉండాల్సినదానితో పోలిస్తే 10 శాతం పైగా తగ్గినట్టు లెక్క. కొత్త కారులో ఇది సర్దుకుపోతుంది. 60 వేల కిలోమీటర్లు తిరిగి ఆయిల్ చెమ్మ కనిపిస్తున్న షాక్ అబ్జార్బర్ మీద కొత్త స్ప్రింగు వేస్తే మాత్రం బండి గతుకు దాటాక రెండు మూడు ఊపులు ఊగుతుంది. మలుపులో ఆ ఊపు మధ్య టైరు నేలను పట్టేది, వదిలేది. కంపెనీలు తామే దించిన కార్లలో ఈ జంటను విడదీయవు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మామూలు గోల్ఫ్ కంటే 15 మిల్లీమీటర్లు కిందే ఉంటుంది. దించింది కొద్దే, దానికి తగ్గట్టు షాక్ అబ్జార్బర్లూ మార్చారు. ఫ్యాక్టరీయే ఒకసారి దించిన కారును బయట ఇంకో 30 దించేటప్పుడు, మిగిలిన జాగా ముందే ఖర్చయిందన్న సంగతి గుర్తుండాలి.

మన రోడ్ల మీద

జీఆర్86 మన దేశంలో అమ్మరు. హైదరాబాద్, విజయవాడ షెడ్లలో స్ప్రింగులు మారేది ఎక్కువగా పోలో, ఐ20, స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌లకు. వీటిలో ముందు మెక్‌ఫర్సన్, వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాల్నీ కలిపే ఒకే మెలితిరిగే దూలం. పైన చెప్పిన ఆర్మ్ కథంతా ముందు చక్రాలకు వర్తిస్తుంది. వెనక బీమ్‌కు క్యాంబర్ దాదాపు మారదు, సర్దడానికి బోల్టూ ఉండదు. కాబట్టి తేడా అంతా ముందే కనిపిస్తుంది.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో ఒక తమాషా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు దాని మీద నడిమధ్యకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ ఆ దిబ్బ మీదే ఉంటాయి, దిబ్బ కారు పొట్ట వైపు పొడుచుకొచ్చేది ఓ 45 మిల్లీమీటర్లే. 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న బండిని 35 దించినా 85 మిగులుతుంది. అంటే నియమం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ దించిన కారుకు శత్రువు కాదు. శత్రువు, కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టుకునే మూరెడు వెడల్పు గట్టు. దాని ఎత్తు ఎంతుంటే అంతా పొట్టకే తగులుతుంది, దాటి దిగేటప్పుడు స్టాపర్‌కూ తగులుతుంది.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

షెడ్డులో చూడాల్సినవి

ఇన్ని తెలిసీ వేయించుకునేవాళ్లుంటారు, అందులో తప్పేమీ లేదు. 15, 20 మిల్లీమీటర్లకు మించకుండా, మంచి షాక్ అబ్జార్బర్లతో, నున్నటి రోడ్ల మీద దించిన కారు స్టీరింగ్‌కు చురుగ్గా స్పందిస్తుంది, బ్రేకు కొడితే ముక్కు తక్కువ వంచుతుంది. ఇక చూడటానికి అందంగా ఉంటుందన్నది కూడా ఒక కారణమే, దానికి భౌతికశాస్త్రం సాకు అక్కర్లేదు.

పని సరిగా జరిగిందో లేదో తేలేది రెండు మూడు చిన్న విషయాల్లో. స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుంటాయి, ఎలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించాలి, వీలైతే డ్రైవరు సీట్లో మనిషి బరువు పెట్టి. టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, పావు డిగ్రీ తప్పినా ఆ టైరు ప్రతి కిలోమీటరుకూ 4 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. లోపలి అంచు అరిగిపోయిన టైరు చూపించి క్యాంబర్‌ను తిడతారు గానీ, చాలాసార్లు దొంగ టో.

రెండోది లోయర్ ఆర్మ్ బుష్‌లు. వాటిలోని రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలి తిరుగుతుంది. కారు లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టు బిగిస్తే, బండి కిందికి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది. అది తొందరగా చిరుగుతుంది, అప్పటిదాకా అనవసరమైన స్ప్రింగులా పనిచేస్తూ ఎత్తునూ తప్పు చూపిస్తుంది. బోల్టు వదులు చేసి, చక్రాలు నేల మీద ఉండగా కొత్త ఎత్తులో బిగించాలి. పది నిమిషాల పని, అడిగితే గానీ చేయరు.

స్టాపర్ తగులుతోందా లేదా అని తెలుసుకోవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. షాక్ అబ్జార్బర్ కడ్డీ బయటికి కనిపించే చోట, వైర్లు కట్టే సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి బిగించి, దాన్ని కిందికి, సిలిండర్ అంచు దాకా జరపాలి. రోజూ వెళ్లే దారిలో, రోజూ తిరిగే మలుపుల్లో మామూలుగా నడిపి వచ్చి చూడాలి. షాక్ అబ్జార్బర్ ఎంత లోపలికి వెళ్లిందో అంత పైకి ఆ టై జరిగి ఉంటుంది. కడ్డీ మధ్యలో ఆగితే స్ప్రింగు తన పని తాను చేస్తోంది. టై వెళ్లి రబ్బరు ముద్దను ఆనుకుని, దాని కింది మడతలో ఇరుక్కుని ఉంటే, ఇన్నాళ్లూ మలుపుల్లో బండిని మోస్తున్నది డబ్బు పోసి కొన్న స్ప్రింగు కాదు.